మా పాత కారు, బిగుసుకుపోయిన హీటరు మీట



ఉగాది లెక్కలు, హాలు అద్దె, పిల్లల ఆదివారం క్లాసు ఇవన్నీ ఈసారి పక్కన పెట్టి ఒక మీట గురించి రాస్తున్నాం. కారులో ఏసీ స్విచ్చి పక్కన నీలం రంగు నుంచి ఎరుపు రంగు దాకా ఒక గీత ఉంటుంది చూడండి, ఆ గీత వెంట అటూ ఇటూ జరిగే మీట. కోయంబత్తూరులోనే పుట్టి పెరిగినవాళ్లలో దాన్ని జన్మలో ఒక్కసారి కూడా ఎరుపు వైపు జరపనివాళ్లు చాలామందే ఉంటారు. ఏప్రిల్‌లో సింగానల్లూరు సిగ్నల్ దగ్గర నిలబడినవాడికి హీటరుతో ఏం పని? మా నైనా కూడా అదే అనేవాడు. "ఆ మీట నీలగిరి వాళ్లకి పెట్టినార్రా, మనకి కాదు" అని.

అయితే మన ఊరికి ఒక చిక్కు ఉంది. నీలగిరి మనకు గంటన్నర దూరంలోనే ఉంది. మేట్టుపాళయం దాటి కల్లారు దగ్గర ఎక్కడం మొదలుపెడితే 14 హెయిర్‌పిన్ మలుపులు తిరిగి కూనూరు. మేట్టుపాళయం సముద్రమట్టానికి 300 మీటర్ల పైచిలుకు, కూనూరు 1,850 మీటర్ల దగ్గర. ప్రతి వెయ్యి మీటర్లకూ ఆరేడు డిగ్రీల చొప్పున చలి పెరుగుతుందని లెక్క. అంటే కింద చొక్కా తడిసే ఉక్కలో బయలుదేరిన మనిషి పైన దిగేసరికి పది డిగ్రీల తేడా. మనుషులకైతే స్వెట్టరు ఉంది, అద్దానికి ఏముంది? ఆ మీట ఉంది.

మా కారు 1999 మోడల్. చిన్న కారు, పేరెందుకులెండి, ఆ కాలంలో వీధికి నాలుగు ఉండేవి. నైనా కొన్నాడు, నైనా నడిపాడు, ఆయన పోయి ఆరేళ్లయింది. 15 ఏళ్లు నిండినాక ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ అని తిరుగుతూనే ఉన్నాం. ఈ బండి ఎందుకు, అమ్మేయకూడదా అని మన హాల్లోనే కనీసం పదిమంది అడిగారు. అమ్మకపోవడానికి కారణం నైనా మీద ప్రేమ ఒక్కటే అనుకుంటే అది సగం నిజం. మిగతా సగం మా అత్త.

అత్త అంటే నైనాకు అక్క. కూనూరులో ఉంటుంది, 82 ఏళ్లు. తేయాకు తోటలో గుమాస్తాగా చేసిన మామ పోయినా ఆ ఇల్లు వదలదు. కంట్లో ఇంజెక్షన్ వేయించడానికి ఐదారు వారాలకోసారి కిందికి తీసుకురావాలి, మళ్లీ దిగబెట్టాలి. టాక్సీలో ఎక్కితే రెండో మలుపుకే కడుపులో తిప్పుతుంది ఆమెకు. మా కారులో తిప్పదు. ఎందుకని అడిగితే "ఇది మా తమ్ముడి బండి" అంటుంది. ఆ ముందు సీటు, ఆ తలుపు పిడి, ఆ అద్దం తిప్పే చక్రం చేతికి తెలిసినవి కావడమే కారణమని మాకనిపిస్తుంది. వాదించి లాభం లేదు. కంటి తేదీ తప్పితే చూపు పోతుందని డాక్టరు గట్టిగా చెప్పి ఉన్నాడు. కాబట్టి ఆ బండి నడవాలి, చలికాలంలో సాయంత్రం వేళ కూడా నడవాలి.

డిసెంబరు రెండో వారంలో కూనూరు నుంచి కిందికి దిగుతున్నాం. మేమిద్దరం, వెనక సీట్లో మా పిల్లవాడు, ముందు అత్త. మాలో ఒకరం స్టీరింగు దగ్గర, ఒకరం వెనక. వాన తగ్గింది కానీ మంచు దిగింది. బర్లియారుకు పైన రెండు మూడు మలుపుల్లో ముందు అద్దం తెల్లగా అయిపోయింది. వైపరు వేస్తే పోలేదు. వేలితో లోపల గీస్తే గీత పడింది, అంటే మసక లోపలిది. నలుగురి ఊపిరి. మీటను ఎరుపు వైపు జరపబోతే కదల్లేదు. ఇంకాస్త గట్టిగా నెట్టితే ప్లాస్టిక్ వంగింది కానీ మీట అక్కడే. ఏసీ వేస్తే గాలి ఆరి అద్దం కొంత తేరుకుంది, కానీ అత్త శాలువాలో ముడుచుకుపోయి వణికింది. చివరికి కిటికీలు రెండూ దించి, వెనక నుంచి ముందుకు వంగి తువ్వాలుతో తుడుస్తూ, ఎదురుగా బస్సు వచ్చినప్పుడల్లా ఒక పక్కకు ఆపుకుంటూ కల్లారు చేరాం. మామూలుగా ముప్పావు గంట పట్టే దిగుడు ఆ రోజు గంటన్నర దాటింది. అత్త ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక మాత్రం "అమ్మణీ, వచ్చేసారి నేను రాకపోతే ఏమవుతుంది?" అంది. ఆ మాటే మమ్మల్ని గ్యారేజీకి తరిమింది.

మొదటి గ్యారేజీలో వినేలోపే చెప్పేశారు: "హీటరు పైపులు రెండూ ఊడదీసి ఒకదానికొకటి కలిపేస్తాం సార్, మూడు వందలు, ఇక ఆ గొడవే ఉండదు." ఈ పని మన ఊళ్లో రోజూ జరిగేదే. మైదానంలో మాత్రమే తిరిగే బండికి అందులో పెద్ద తప్పూ లేదు. వాల్వు తెరుచుకుని బిగుసుకుపోతే వేసవిలో ఏసీ ఎంత తిప్పినా వేడి గాలే వస్తుంది, అప్పుడు ఈ చిట్కా ప్రాణం లేచివచ్చినట్టు ఉంటుంది. కానీ మాకు కావలసింది వేడి పోవడం కాదు, రావడం. రెండో గ్యారేజీలో అందుకు పూర్తిగా ఎదురు: డాష్‌బోర్డు మొత్తం దించాలి, హీటరు పెట్టె మొత్తం మార్చాలి, సామాను దొరికితే నాలుగు రోజులు, దొరక్కపోతే చెప్పలేం. కారు ధరలో ఎంత భాగమో ఆ లెక్క ఇక్కడ రాయం.

ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉండాలి కదా అని మన పంపు కంపెనీ బాబాయిని అడిగాం. ఆయన్ని మీరందరూ ఎరుగుదురు, హాల్లో ఫ్యాను ఆగిపోతే మొదట ఆయన వైపే చూస్తాం. ముప్పై ఏళ్లు టర్నరుగా చేసి రిటైరైన మనిషి. కారు గురించి ఏమీ తెలియదని ముందే చెప్పాడు. "కారు తెలీదు అబ్బాయ్. వాల్వు తెలుసు. నీళ్లు ఎక్కడైనా నీళ్లే" అన్నాడు.

నిజానికి ఆ మాటలోనే సగం వైద్యం ఉంది. హీటరంటే కరెంటు పొయ్యి అని చాలామంది అనుకుంటారు, మా పిల్లవాడూ అలాగే అనుకున్నాడు. పాత కారులో అలాంటిదేమీ లేదు. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీళ్లలో కొంత భాగం ఒక రబ్బరు గొట్టం గుండా డాష్‌బోర్డు వెనకకు వస్తుంది. అక్కడ అరచేయంత చిన్న రేడియేటరు ఒకటి ఉంటుంది. ఫ్యాను గాలి దాని గుండా వీచి వెచ్చబడి అద్దం మీదికో కాళ్ల మీదికో వస్తుంది. నీళ్లు రెండో గొట్టం గుండా తిరిగి ఇంజనుకు పోతాయి. మా బండిలో ఆ చిన్న రేడియేటరుకు ముందు ఒక వాల్వు ఉంది. ముందున్న మీటకూ ఆ వాల్వుకూ మధ్య ఒక కేబులు, సైకిలు బ్రేకు కేబులు లాంటిదే: పైన తొడుగు, లోపల తీగ. మీట జరిపితే తీగ లాగుతుంది, వాల్వు తిరుగుతుంది. అంతే యంత్రాంగం. కొన్ని కార్లలో వాల్వు లేకుండా గాలినే అటూ ఇటూ మళ్లించే తలుపు ఉంటుంది, ఇంకొన్ని కొత్తవాటిలో కేబులు బదులు చిన్న మోటారు ఉంటుంది. వాటి కథ వేరు.

కాబట్టి బిగుసుకుపోయేవి మూడే: మీట, కేబులు, వాల్వు. ఏది బిగుసుకుందో తెలియకుండా మీటను బలంగా నెట్టినవాడు మూడింటిలో బలహీనమైనదాన్ని విరుస్తాడు, అది ఎప్పుడూ మీటే అవుతుంది.

ఆదివారం పొద్దున్న బండి చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాం. గ్లవ్ బాక్సు స్క్రూలు విప్పి తీసేస్తే చేయి పట్టేంత సందు దొరికింది. ఒకరం సీటు వెనక్కి వాల్చి తలకిందులుగా పడుకుని చూడటం, ఒకరం టార్చి పట్టడం. ఈ పడుకునే భంగిమ యాభై దాటినవాళ్ల కోసం కాదని ముందే మనవి. వాల్వు చివర కేబులు తీగ ఒక కొక్కెంలా తగిలి ఉంది, తొడుగును ఒక స్ప్రింగు క్లిప్పు పట్టి ఉంచింది. నోస్ ప్లయరుతో క్లిప్పు తీసి కొక్కెం విడిపించి, అప్పుడు పైన మీటను జరిపి చూశాం. జరిగింది, కానీ గరగరలాడుతూ, బావిలోంచి చేద లాగినట్టు. వాల్వు చేతిని వేలితో కదపబోతే అసలు కదల్లేదు. అంటే ఒకటి కాదు, రెండు జబ్బులు. తీగ తుప్పు పట్టింది, వాల్వు పట్టేసింది.

తీగ సులువు. కేబులు మొత్తం బయటికి తీసి వంటింటి కిటికీ ఊచకు నిలువుగా వేలాడదీశాం. పై చివర ప్లాస్టిక్ కవరు ముక్కతో చిన్న గరాటులా చుట్టి టేపు వేసి, అందులో అమ్మ కుట్టుమిషను నూనె పోశాం. స్ప్రే డబ్బాలు తుప్పు విడదీయడానికి మంచివే, కానీ ఆరిపోతాయి. పల్చటి మిషను నూనె తొడుగులో నిలుస్తుంది. ఒక పూట గడిచేసరికి కింద పెట్టిన గిన్నెలో కాఫీ డికాషను రంగు చుక్కలు పడుతున్నాయి. మూడుసార్లు పోశాం. మూడోసారి వచ్చిన నూనె పోసిన రంగులోనే వచ్చింది. తీగను వేళ్లతో లాగితే జారుతోంది. అమ్మకు మాత్రం ఆ గిన్నె తిరిగి ఇవ్వలేదు, కొత్తది కొన్నాం.

వాల్వు దగ్గరే అసలు పని. దాని అంచున తెల్లగా, కొంచెం పచ్చగా గట్టి పొర కట్టి ఉంది. బాబాయి గోటితో గీకి "బోరు నీళ్లు" అన్నాడు, వేరే పరీక్ష అక్కర్లేనట్టు. మన ఊరివాళ్లకు ఇది వివరించక్కర్లేదు. సిరువాణి నీళ్లు తాగినవాడికి తెలుసు అది ఎంత తేలికో, ఉప్పునీళ్ల కుళాయి కింద పెట్టిన బకెట్టు ఆర్నెల్లకు ఏ రంగులోకి మారుతుందో కూడా తెలుసు. ఆ బకెట్టుకు జరిగేదే రేడియేటరులోనూ జరుగుతుంది, ఇంకా వేగంగా, ఎందుకంటే అక్కడ నీళ్లు కాగుతూ ఉంటాయి. దానికి తోడు ఏళ్ల తరబడి ఎవరూ తిప్పని వాల్వు. కదిలే వస్తువు మీద పొర కట్టదు, కట్టినా రాలిపోతుంది. కదలని దాని మీద రాయి అవుతుంది. నెలకోసారి ఊరికే ఆ మీటను అటూ ఇటూ జరిపితే చాలు, చెన్నైలో ఉన్న కారుకైనా సరే.

బాబాయి పద్ధతి ఇది. వాల్వు ఇరుసు దగ్గర తుప్పు వదిలించే నూనె చుక్క వేసి, కింద తివాచీ మీద గుడ్డ పరిచి, గంటసేపు దాని జోలికి పోలేదు. టీ తాగాం. తర్వాత చిన్న ప్లయరుతో వాల్వు చేతిని పట్టి, తెరుచుకునే వైపు వెంట్రుకవాసి, మూసుకునే వైపు వెంట్రుకవాసి. బలం లేదు, ఓపికే. "ముందుకే నెట్టకు, వెనక్కి కూడా రానీ. పొర పిండి కావాల, విరగకూడదు" అంటూ ఉన్నాడు. కదలలేదు. అప్పుడు ఇంజను స్టార్టు చేసి పది నిమిషాలు ఉంచమన్నాడు. వేడినీళ్లు గొట్టంలో వాల్వు గుమ్మం దాకా వచ్చి నిలిచాయి. లోహం వేడికి సాగుతుంది, పొర అంత సాగదు, మధ్యలో సందు పుడుతుంది. ఇంజను ఆపి మళ్లీ మొదలు. ఇరవై నిమిషాలకు ఒక చిన్న టిక్ శబ్దం. విరిగిందనుకుని అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. విరగలేదు. వాల్వు చేయి రెండు మిల్లీమీటర్లు జరిగింది.

ఇక్కడ ఒక హెచ్చరిక, ఇది మాత్రం దాటవేసి చదవకండి. కొన్ని కార్లలో ఈ వాల్వు ప్లాస్టిక్‌ది. పాతబడిన ప్లాస్టిక్ మెడ విరిగితే మరిగే నీళ్లు నేరుగా కాళ్ల మీద పడతాయి. ఇంజను నడుస్తుండగా దాని మీద చేయి వేయకండి. ఎంత ఓపిక పట్టినా కదలకపోతే అక్కడితో వదిలేసి వాల్వు మార్పించుకోండి. వేడిగా ఉన్న రేడియేటరు మూత తెరవకూడదని మనలో తెలియనివాళ్లు లేరు, అయినా ప్రతి వేసవిలో ఎవరో ఒకరు చేయి కాల్చుకుంటూనే ఉన్నారు.

మొత్తం తిరిగేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆ పూట మా పిల్లవాడి ముఖం చూడాలి. వాడు మన ఆదివారం క్లాసుకు మూడేళ్లుగా వస్తున్నాడు. గుణింతాలు వచ్చు, పద్యం అప్పజెబుతాడు. కానీ "వదులు చెయ్యి", "బిగించు", "సడలింది", "పట్టేసింది", "ఒరుసుకుంటోంది", "మెలి తిప్పకు" ఇవన్నీ ఆ రోజే మొదటిసారి విన్నాడు. బాబాయికి చదవడం రాదు తెలుగు, ఒక్క అక్షరం రాదు, ఆయన చదువంతా తమిళం. ఆ మాటలన్నీ వాళ్ల నాన్న వ్యవసాయ బావి మోటారు దగ్గర నేర్చుకున్నవి. తెరిచిన బానెట్ ముందు వాడు ఆయన్ని ఒక్కో మాటా అడిగి నోట్సులో రాసుకుంటుంటే, ఆయన ఆ రాత వైపు చూసి "నా పేరు కూడా రాయి చూద్దాం" అన్నాడు. రాశాడు. ఆ కాగితం చించి జేబులో పెట్టుకున్నాడాయన.

జి.డి. నాయుడు గారి ఫోటోకు ఏటా దండ వేస్తాం. 1893లో మన పక్కనే కలంగల్‌లో పుట్టిన మనిషి, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటారుసైకిలు కొని, నడిపే ముందు దాన్ని విప్పి మళ్లీ బిగించినవాడు, 1920లో పొళ్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సుతో మొదలుపెట్టినవాడు. ఇవన్నీ మన ఉపన్యాసాల్లో ప్రతిసారీ వింటాం, చప్పట్లు కొడతాం. మన పిల్లల్లో స్క్రూడ్రైవరు పట్టినవాళ్లు ఎందరని ఎవరూ లెక్క అడగరు. ఇది కమిటీ మీద ఫిర్యాదు కాదు, కమిటీలో మేమూ ఉన్నాం.

రెండో ఆదివారం నీళ్ల పని. వాల్వు తెరిచి ఉంచి, చల్లటి రేడియేటరు కింద మర విప్పితే వచ్చిన నీళ్లు తుప్పు రంగులో ఉన్నాయి. హీటరు గొట్టాలు విప్పి మంచినీళ్లు మెల్లగా పోస్తే చిన్న రేడియేటరులోంచి ఇటుకపొడి లాంటి మడ్డి వచ్చింది. తేటగా వచ్చేదాకా పోశాం. తర్వాత కూలెంట్, సగం శుద్ధమైన నీళ్లు, సగం కూలెంట్. పాత నీళ్లలో కూలెంట్ ఉంటే దాన్ని కాలవలోకి వదలకండి, డబ్బాలో పట్టి మూత పెట్టండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, నాకితే చస్తాయి. నింపేటప్పుడు మీట పూర్తిగా ఎరుపులో ఉండాలి, లేకపోతే చిన్న రేడియేటరులో గాలి చిక్కుకుంటుంది. గాలి చిక్కితే మీట ఎంత ఎరుపులో ఉన్నా చల్లగాలే వస్తుంది, డాష్‌బోర్డు వెనక గుడగుడ శబ్దం వినిపిస్తుంది. ఇంజను నడిపి, రేడియేటరు ఫ్యాను తిరిగేదాకా ఆగి, బండి మళ్లీ చల్లారాక మట్టం చూసి తగ్గినంత పోశాం.

వాల్వు నిజంగా పనిచేస్తోందా అని చూడటానికి బాబాయి చేసిన పరీక్ష మాకు బాగా నచ్చింది. బానెట్ ఎత్తి లోపలికి పోయే రెండు హీటరు గొట్టాలనూ ముట్టుకోవడం, అంతే. మీట నీలంలో ఉంటే ఒకటి వేడి, ఒకటి చల్లన. ఎరుపులో పెట్టిన కాసేపటికి రెండూ వేడి. రెండూ వేడెక్కాయి. రాత్రికి వాల్వు కింద తెల్లటి టిష్యూ కాగితం పరిచాం, పొద్దున్నకు అది పొడిగానే ఉంది. ఆ కాగితం తడిస్తే, లేదా కారులో తియ్యటి వాసన వచ్చి అద్దం మీద జిడ్డు పొర పడుతుంటే, ఆ చిన్న రేడియేటరే కారుతోందని అర్థం. అది ఇంట్లో చేసే పని కాదు.

మిగిలింది క్లిప్పు. తొడుగును పట్టి ఉంచే ఆ స్ప్రింగు క్లిప్పు సత్తువ పోయి వదులైంది. అది పట్టకపోతే మీట జరిపినప్పుడు తీగకు బదులు తొడుగే కదులుతుంది, వాల్వు సగమే తెరుచుకుంటుంది. గోటంత వస్తువు. కంపెనీ సామాన్ల కొట్లలో విడిగా రాదన్నారు. ఉక్కడం వైపు పాత సామాన్ల కొట్లు తిరిగాం. నాలుగో కొట్టులో విప్పిన డాష్‌బోర్డులు గోడంత ఎత్తు పేర్చి ఉన్నాయి. మేం కొట్టాయనతో తమిళంలో బేరమాడుతూ, మాలో మేం "ఇది మనదానికి పడుతుందంటావా" అనుకున్నాం. ఆయన తల ఎత్తకుండానే "పడతాది, ఎత్తుకోండి" అన్నాడు. ఇంట్లో మాట్లాడతారట, నాలుగు తరాలుగా ఇక్కడేనట, పూర్వీకులు ఎక్కణ్ణుంచి వచ్చారో వాళ్ల అవ్వకే గుర్తులేదట. ఒకటి అడిగితే రెండు ఇచ్చాడు, ఒకదానికే డబ్బు తీసుకున్నాడు. ఉగాదికి రమ్మని పిలిచాం. చదవడం రాదే అన్నాడు. భోజనానికి చదవక్కర్లేదన్నాం.

కేబులు తిరిగి తగిలించేటప్పుడు ఒక వరస ఉంది. ముందు మీటను నీలం చివరకు పెట్టాలి. వాల్వును చేత్తో పూర్తిగా మూయాలి. కొక్కెం తగిలించి, తొడుగును కొద్దిగా వెనక్కి లాగి తీగలో వదులు లేకుండా చేసి, అప్పుడు క్లిప్పు నొక్కాలి. తర్వాత మీట ఎరుపు చివరకు జరిపి వాల్వు పూర్తిగా తెరుచుకుందో లేదో కంటితో చూడాలి. మాకు రెండుసార్లు విప్పి బిగించాకగానీ రెండు చివరలూ కలవలేదు. గ్లవ్ బాక్సు బిగించాక ఒక స్క్రూ మిగిలింది, ఎక్కడిదో వెతికి పెట్టాం.

జనవరి మూడో వారం అత్త తేదీ. పొద్దున్నే ఎక్కి వెళ్లాం. ఎక్కేటప్పుడు ఇంకో సంగతి కలిసొచ్చింది. సగం దారిలో ఒక లారీ వెనక నత్తలా పాకుతుంటే వేడి ముల్లు పైకి పోవడం మొదలైంది. ఏసీ ఆపి, కిటికీలు దించి, మీట ఎరుపుకు జరిపి ఫ్యాను నాలుగులో పెట్టాం. లోపలి చిన్న రేడియేటరు కూడా ఇంజను వేడిని బయటికి లాగుతుంది కదా. మాకు చెమట పట్టింది, ముల్లు దిగింది. నీళ్లు తగ్గిన బండికి ఇది పనిచేయదు, ఆపి చల్లార్చడమే దారి. కానీ నీళ్లు సరిగ్గా ఉండి ఘాట్‌లో వేడెక్కే పాత బండికి ఇది బాగా పనికొచ్చే ఉపాయం. పైపులు కలిపేసిన బండిలో ఇది కూడా ఉండదు.

సాయంత్రం కూనూరులో బయలుదేరేటప్పుడే అద్దం మసకేసింది. మీట ఎరుపు, గాలి అద్దం వైపు, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టాం. లోపలి గాలినే తిప్పితే మన ఊపిరి తడే మళ్లీ అద్దానికి చేరుతుంది. ఇంజను వేడెక్కిన ఒకటి రెండు నిమిషాలకు అద్దం కింది అంచున రెండు అర్ధచంద్రాలు తేటపడి మెల్లగా పైకి పాకాయి. తర్వాత ఏసీ కూడా కలిపాం. ఏసీ తడిని లాగేస్తుంది, హీటరు వెచ్చబరుస్తుంది, రెండూ కలిస్తే అద్దం కడిగినట్టు ఉంటుంది. ఏసీ, హీటరు ఒకేసారి వేయడం డబ్బు దండగని నవ్వేవాళ్లున్నారు. వాళ్లు బర్లియారు మలుపుల్లో జనవరి సాయంత్రం ఒకసారి దిగి చూడాలి. ఇంకా కిందికి దిగాక, చల్లబడిన అద్దానికి కింది తేమగాలి తగిలి బయటివైపు మసక పడింది. దానికి వైపరు రెండుసార్లు ఆడిస్తే సరిపోయింది.

అత్త చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పులు విడిచి కాళ్లు ముందుకు చాపి, "కింద కూడా వెచ్చగా వస్తా ఉంది. మీ నైనా ఉన్నప్పుడు ఎప్పుడూ రాలేదే" అంది. కల్లారు దగ్గర ఉక్క మొదలవగానే తనే చేయి చాచి మీటను నీలం వైపు జరిపింది. ఒక వేలితో జరిగింది. మర్నాడు ఇంజెక్షన్ అయింది. తర్వాతి తేదీ ఫిబ్రవరి చివర్లో. వస్తానంది.

ఖర్చు అడిగినవాళ్ల కోసం: కూలెంట్, తుప్పు నూనె, క్లిప్పు, అమ్మ గిన్నె అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే. మూడు ఆదివారాలు పోయాయి, నడుము ఒక వారం పట్టేసింది. బాబాయి డబ్బు తీసుకోలేదు, ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం మాత్రం మా ఇంట్లోనే చేశాడు, పప్పుచారులో ఉప్పు తక్కువని మూడుసార్లూ అన్నాడు.

రెండో క్లిప్పు మా దగ్గర ఊరికే ఉంది. ఆ కాలపు చిన్న కారు ఇంకా నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు మీ మీట జరుగుతుందో లేదో చూసుకుని, కావాలంటే చెప్పండి. ఆదివారం క్లాసుకు పిల్లవాడి చేత పంపిస్తాం.